గొడ్డలి పన్ను నుంచి గ్యాసు పొయ్యి దాకా

మొక్కలు నాటండి అంటే కాదనేవాళ్లు మనలో ఎవరైనా ఉన్నారా? గేటు పక్కన వేప, కుండీలో తులసి, వీలుంటే పెరట్లో కరివేపాకు. మునిసిపాలిటీవారు బండిలో మొక్కలు తెచ్చి పంచిపెడితే రెండు ఎక్కువే అడిగి తీసుకుంటాం. అదే సర్కారు, పల్చటి ప్లాస్టిక్ సంచీ వాడవద్దంటే మాత్రం మనకు విసుగొస్తుంది. 2022 డిసెంబరు ఆఖరు నుంచి 120 మైక్రాన్ల కన్నా పల్చటి సంచీ వాడకూడదని దేశమంతటికీ నిబంధన ఉంది. కూరగాయల బజారులో అడిగి చూడండి. కొట్టువాడు కవరు ఇవ్వకపోతే, "పావుకిలో పచ్చిమిరపకాయలు కొంగున కట్టుకుపొమ్మంటావా?" అని అతని మీదే కోప్పడతాం.

మొక్కా పర్యావరణం కోసమే, సంచీ నిషేధమూ పర్యావరణం కోసమే. మరి ఒకదానికి చప్పట్లు, రెండోదానికి చిరాకు ఎందుకు? చదువుకున్న పెద్దలు చాలామంది, ప్రజలకు అవగాహన లేదండీ అని తేల్చేస్తారు. నాకా మాట అంతగా రుచించదు. అవగాహన లేనివాళ్లు అన్న మాట మొదట పడేది ఎప్పుడూ అడవి అంచున ఉన్నవాళ్ల మీదే. కనుక అక్కడికే వెళ్లి, నూటయాభై ఏళ్లుగా వాళ్లు దేన్ని ఒప్పుకున్నారో, దేన్ని కాదన్నారో చూద్దాం.

భద్రాద్రి రాములవారి కళ్యాణానికి వెళ్లినవారికి ఆ దారి తెలుసు. ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ దాటి సారపాక చేరి వంతెన ఎక్కితే, అవతల గుడి గోపురం కనిపిస్తుంది. ఆ వంతెన కింద పారే గోదావరి ఒకప్పుడు రెండు రాజ్యాల మధ్య సరిహద్దు. ఇటు ఖమ్మం వైపు నైజాం నవాబుగారిది. అటు భద్రాచలం వైపు 1860లో ఇంగ్లీషువారి చేతికి పోయింది. మొదట దాన్ని సెంట్రల్ ప్రావిన్సెస్ అనే పరగణాలో కలిపారు. 1874లో అక్కడి నుంచి తీసి మద్రాసు ప్రభుత్వం కింద పెట్టారు. అటు కోయలే, ఇటు కోయలే. అటు కొండరెడ్లే, ఇటు కొండరెడ్లే. వియ్యాలు కూడా ఏరు దాటే జరిగేవి. అడవి చట్టాలు మాత్రం ఏటికి అటొకటీ ఇటొకటీ.

కొండ మీద చెట్టూ చేమా నరికి, ఎండాక కాల్చి, ఆ బూడిదలో జొన్నలో సామలో చల్లుకోవడాన్ని పోడు అంటారు. రెండు మూడేళ్లు పండించి, నేల అలసిపోతే వదిలేసి మరోచోటికి పోతారు. వదిలిన చోట మళ్లీ అడవి లేస్తుంది. సెంట్రల్ ప్రావిన్సెస్ రోజుల్లో భద్రాచలం పక్కనున్న రేకపల్లి ప్రాంతంలో దీనికి గొడ్డలికి ఇంతని పన్ను ఉండేది. ఇంట్లో గొడ్డళ్లెన్నో పన్నులన్ని. అది కట్టేస్తే అడిగేవాడు లేడు. మద్రాసు పాలన రాగానే పన్ను బాగా పెంచారు, కొన్నిచోట్ల అసలు పోడే వద్దన్నారు. అదే కాలంలో పక్కనున్న రంప కొండల్లో కల్లు గీసుకోవడానికి చిగురు పన్ను మోపారు. 1879లో రంప పితూరి లేచింది. ఆ నిప్పు కొద్ది నెలల్లోనే రేకపల్లికి కూడా పాకింది.

గొడ్డలి పన్ను కట్టడానికి వాళ్లకు పేచీ లేదు. తమకు తెలిసిన లెక్క అది. తిరగబడింది, తమను అడక్కుండా, ఏటి కింద ఎక్కడో కూర్చున్నవారు ఒక్క కలంపోటుతో లెక్క మార్చినప్పుడు. దాన్ని పన్ను మీద కోపం అని మాత్రమే రాసుకుంటే చరిత్ర సగమే అవుతుంది.

పితూరి అణచిన కొద్ది కాలానికే, 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవి అనే మాట అటువైపు కొండల్లోకి దిగింది. 1922లో అల్లూరి సీతారామరాజుగారి వెంట మన్యం నడిచిందంటే, ఆ అడవి ఆంక్షలూ, రోడ్డు పనుల్లో వెట్టిచాకిరీ కలిసి రగిల్చిన మంటే అది. ఇటువైపు నైజాంలో అడవి శాఖను జంగ్లాత్ అనేవారు. కట్టడి చేసిన అడవి మహసూరా. ముసలివాళ్ల నోట ఆ ఉర్దూ మాటలు మొన్నమొన్నటి దాకా వినిపించేవి. 1940ల మొదట్లో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు పాపికొండల రెడ్ల మధ్య తిరిగి, 1945లో వారి మీద ఒక పెద్ద పుస్తకం అచ్చువేశారు. వెంట ఆయన భార్య బెట్టీగారు కూడా ఆ కొండలన్నీ ఎక్కి దిగారు. మన రేడియోల్లో ఆయన పేరు చెప్పినంతగా ఆమె పేరు చెప్పరు, అందుకని చెబుతున్నాను. గోదావరి ఒడ్డున కలప, వెదురు వ్యాపారుల దగ్గర అప్పుల్లో చిక్కి, కొండ దిగి వచ్చి కూలీలైపోయిన రెడ్ల సంగతి వారు కళ్లారా చూసి రాశారు.

అదీ కొండవాళ్ల మనసులో నాటుకున్న ముల్లు. తాను నాలుగు చెట్లు కొడితే నేరం, జుర్మానా. షావుకారు వేలంలో కూపు పాడుకుని లారీలకొద్దీ కొట్టుకుపోతే వ్యాపారం. స్వతంత్రం వచ్చాక కూడా ఈ తేడా పోలేదు. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలను తూర్పు గోదావరి నుంచి తీసి ఖమ్మం జిల్లాలో కలిపారు. 1967లో మద్రాసు చట్టమూ, హైదరాబాదు చట్టమూ రెండూ పోయి, ఒకటే ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చింది. ఏరు సరిహద్దు కాకుండా పోయింది. లారీలు మాత్రం ఆగలేదు. ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరు వైపు బొగ్గు కోసం అడవి పోయింది. తర్వాత ఆనకట్ట కోసం పోలవరం ముంపులో పోతుందన్నారు. ఇవన్నీ అవసరం లేవని నేననను. మన ఇంట్లో ఫ్యాను తిరిగేది ఆ బొగ్గుతోనే. అయినా మోపు కట్టెలకు కేసు రాయించుకున్న మనిషి ఇది చూసి ఏమనుకుంటుందో ఒక్కసారి ఆలోచించండి.

మోపు కట్టెలన్నాను గనుక ఆడవాళ్ల సంగతికే వద్దాం. పోడు కొట్టేది మగవాళ్లయినా, అడవితో రోజూ పని ఉండేది ఆడవాళ్లకే. పొయ్యిలోకి కట్టె, ఎండాకాలం ఇప్పపువ్వు, కరువొస్తే తవ్వుకునే దుంపలు, అమ్ముకునే చింతపండూ కరక్కాయా తేనే బంకా. అడవికి కంచె వేస్తే ముందు మూతపడేది ఆమె వంటిల్లు. గార్డు అడ్డం పడి గొడ్డలి లాక్కుంటే, ఆ పూట పిల్లలకు గంజి లేటవుతుంది. అందుకని అడవి కాపాడాలి అనే మాట వినగానే ఆమెకు గుర్తొచ్చేది చెట్టు కాదు, గార్డు. ఆమెకు చెట్టు మీద ప్రేమ లేదనుకుంటే పొరపాటు. ఇప్పచెట్టును కోయ ఇల్లాలు నరకనివ్వదు, కొడుకుతో సమానంగా చూసుకుంటుంది. ఏటేటా పూలు రాల్చి కడుపు నింపే చెట్టది.

తునికాకు కథ దీనికి మంచి ఉదాహరణ. బీడీలు చుట్టే ఆకు. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారకముందే వెళ్లి కోసుకొచ్చి, యాభై ఆకులు ఒక కట్ట చొప్పున కట్టి కల్లంలో అప్పగించాలి. 1971లో ఆ వ్యాపారాన్ని ప్రభుత్వం చట్టం చేసి తన చేతిలోకి తీసుకుంది. అయినా కట్టకు పైసలే ముట్టేవి. 1980లలో కట్ట ధర పెంచాలని ఈ అడవుల్లో పెద్ద పోరాటాలు జరిగాయి. ధర పెరిగింది. తర్వాతి కాలంలో లాభంలో వాటాగా బోనసు కూడా ఇవ్వడం మొదలైంది. ఆకు బాగా రావాలంటే అంతకు ముందే తునికి పొదలను కొట్టి సిద్ధం చేయాలి, అడవికి నిప్పంటుకోకుండా చూడాలి. ఇందులో తనకు నాలుగు రూపాయలున్నాయని తెలిసిన ఊళ్లు ఆ పని శ్రద్ధగా చేశాయి. ఎవరూ పర్యావరణం మీద ఉపన్యాసం ఇవ్వలేదు.

ఈ కిటుకు ప్రభుత్వానికి కూడా తెలిసింది, కాస్త ఆలస్యంగా. పశ్చిమ బెంగాలులో అరబరి అనే చోట 1970లలోనే ఒక అధికారి, ఊరివాళ్లు కాపలా కాస్తే కలపలో వాటా ఇస్తానని చెప్పి, చచ్చిపోతున్న సాల అడవిని మళ్లీ లేపించాడు. 1988లో కొత్త జాతీయ అటవీ విధానం వచ్చింది. దాని వెంట 1992లో మన రాష్ట్రంలో వన సంరక్షణ సమితులు మొదలయ్యాయి. ఇంటికొక మగమనిషీ, ఒక ఆడమనిషీ సభ్యులు. ఇది చిన్న సంగతి కాదు. అంతకుముందు అడవి శాఖవారి మీటింగులో ఆడవాళ్లకు పీటే లేదు. కొన్నేళ్లలో ఇలాంటి సమితులు ఆంధ్రప్రదేశ్‌లో ఏడెనిమిది వేల దాకా లేచాయి. నిన్న గార్డును చూసి దాక్కున్నవాళ్లే రాత్రిళ్లు వంతులు వేసుకుని కలప దొంగలను పట్టుకున్న ఊళ్లున్నాయి.

అంతా బాగానే ఉందనుకునేలోపల చిక్కొచ్చింది. సమితి కింద అడవి గీత గీసేటప్పుడు చాలాచోట్ల పోడు చేలు కూడా గీతలోపల పడ్డాయి. అప్పటిదాకా జొన్న పండిన చోట, ఇక అడవి పెంచాలి దిగండి అన్నారు. కొన్నిచోట్ల జామాయిల్ నాటారు. సమితిలో మోతుబరికి కూలిపనుల లెక్క చేతికొచ్చింది, పోడు ఉన్న బీదవాడికి చేను పోయింది. ఊరు రెండైంది. 2002లో మొదలైన ప్రపంచ బ్యాంకు అప్పు పథకం డబ్బులు అయిపోయాక చాలా సమితుల పేర్లు బోర్డుల మీదే మిగిలాయి. వాటా ఇస్తామంటే మనుషులు వస్తారన్నది నిజమే. ఆ వాటా ఎవరి కంచంలోంచి తీసి ఇస్తున్నారన్నది కూడా వాళ్లు చూస్తారు.

జామాయిల్ మాట వచ్చింది. ఇప్పుడు ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లేటప్పుడు బస్సు కిటికీలోంచి కనిపించే వరస చెట్లు సగం అవే, తక్కినవి సుబాబుల్. సారపాకలో 1970ల చివర మొదలైన పేపరు బోర్డు ఫ్యాక్టరీకి ఒకప్పుడు అడవి వెదురు కావాలి. 1988 విధానం, ఫ్యాక్టరీలు తమ కలప రైతుల దగ్గర పెంచుకోవాలి గాని అడవి మీద పడకూడదంది. అక్కడి నుంచి ఊరూరా రైతులు తమంత తాము చెట్లు వేశారు. ఎందుకంటే టన్నుకు ధర ఉంది, కూలీలు అంతగా అక్కర్లేదు. ధర పడిపోయిన ఏడు అదే రైతులు ధర్నా చేశారు, తోట పీకి వేరే పంట వేశారు. ఒకే జాతి చెట్టు చూడండి. రైతు తన చేలో వేసుకుంటే అది పంట. అడవి శాఖవారు పోడు చేలో వేస్తే అది కబ్జా.

మరి మన గ్యాసు పొయ్యి సంగతి. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం పెట్టారు. డ్వాక్రా సంఘాల్లోని బీద స్త్రీలకు డిపాజిట్టు సర్కారే కట్టి గ్యాసు కనెక్షన్లు ఇచ్చింది. ఆడవాళ్లకు పొగ బాధ, కట్టెల మోత తప్పడం ఒక ఉద్దేశమైతే, అడవి మీద భారం తగ్గడం ఇంకొకటి. పర్యావరణం పేరున వచ్చిన పథకాల్లో ఆడవాళ్లు క్యూ కట్టి ఆహ్వానించింది బహుశా ఇదొక్కటే. అయితే తర్వాత జరిగిన పరిశీలనల్లో ఏం తేలిందంటే, పల్లెల్లో చాలా ఇళ్లలో సిలిండరు పండక్కీ చుట్టాలకీ మాత్రమే వెలిగింది. రోజువారీ వంట కట్టెల మీదే. పొయ్యి ఉచితం, నింపించుకోవడం ఉచితం కాదు గదా! ఒకేసారి అన్ని రూపాయలు తీసే శక్తి కూలికి పోయే మనిషికి ఎక్కడిది? 2016లో కేంద్రం ఉజ్వల పథకం పెట్టినప్పుడు కూడా ఇదే కథ నడిచింది. స్వాగతం చెప్పినంత మాత్రాన అలవాటు మారదు, చేతిలో డబ్బు ఆడాలి.

ఇది మన గిరిజనుల ప్రత్యేకత అనుకోకండి. ఫ్రాన్సు దేశంలో 2018 చివర్లో, వాతావరణాన్ని కాపాడటానికని డీజిలు మీద పన్ను పెంచబోతే, పసుపు కోట్లు తొడుక్కుని జనం రోడ్లెక్కారు. బస్సులు లేని పల్లెల్లో కారు లేకపోతే పనికి పోలేరు. పైగా అదే ఏడు మొదట్లో ఆ ప్రభుత్వం కోటీశ్వరుల ఆస్తి పన్ను తగ్గించింది. పల్లెటూరివాడికి ఈ రెండూ పక్కపక్కనే కనిపించాయి. మన లారీ, కట్టెమోపు కథే అది. పెంపు ఆపక తప్పలేదు. స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో ఇంకో తీరు. ఊళ్లోకి వచ్చే కార్లకు రుసుం పెడతామంటే ఎక్కువమంది వద్దన్నారు. 2006లో ఏడు నెలలు పెట్టి చూపించారు. రోడ్లు ఖాళీ అయ్యాయి, బస్సులు పెరిగాయి. ఆ సెప్టెంబరులో వోటింగు పెడితే ఊరివాళ్లు ఉండనివ్వండి అన్నారు. అంటే కళ్లముందు ఫలితం కనిపిస్తే మనసు మారుతుంది. అడవి అంచున ఆ ఫలితం కనిపించడానికి ఏడు నెలలు చాలవు, ఏళ్లు పడతాయి. అంతకాలం మాట మీద నమ్మకం నిలపగలిగిన సర్కారు ఏదీ?

ఆ నమ్మకం ఎలా విరిగిందో చూడండి. 1980 నాటి కేంద్ర చట్టం తర్వాత అడవిలో కొత్త సాగు ఏదైనా ఆక్రమణే అయింది. 2002 మే నెలలో, ఆక్రమణలన్నీ ఖాళీ చేయించండని ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. దేశమంతా గగ్గోలు పుట్టింది. 2006లో అటవీ హక్కుల చట్టం చేశారు. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజనులకు హక్కు ఉంటుందన్నారు. కొందరికి పట్టాలు వచ్చాయి, ఎందరివో దరఖాస్తులు నలిగిపోయాయి. ఇంతలో తెలంగాణ వచ్చింది. 2015లో హరితహారం మొదలైంది. పట్నాల్లో మనం చప్పట్లు కొట్టాం, కొట్టవలసిందే. రోడ్ల పక్కన నీడ కనిపిస్తోంది. కాని పట్టా రాని పోడు చేలల్లో ఆ మొక్కలకే గుంతలు తవ్వారు. 2021లో ఖమ్మం జిల్లా కొణిజర్ల మండలంలో పోడు గొడవలో ఆడవాళ్లు జైలుకు పోయారు. 2022 నవంబరులో చండ్రుగొండ అడవిలో ప్లాంటేషను మొక్కలు మేపవద్దని అడ్డుపడిన రేంజరును నరికి చంపారు. ఆయన ఇల్లాలి శోకం ముందు ఏ వాదనా నిలవదు. తన పని తాను చేస్తున్న మనిషి ఆయన. ఒక మొక్క కోసం ఇటు ఒకరు ప్రాణం ఇచ్చే దాకా, అటు ఒకరు ప్రాణం తీసే దాకా వ్యవహారం రావడం వెనక నూటయాభై ఏళ్ల అపనమ్మకం ఉందని మాత్రం అనుకోక తప్పదు.

అదే ఖమ్మం జిల్లాలోనే వనజీవి రామయ్యగారు ఉండేవారు. రెడ్డిపల్లి ఊరు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 ఏప్రిల్‌లో పోయారు. సైకిలు మీద విత్తనాలూ మొక్కలూ వేసుకుని, భార్య జానమ్మగారి తోడుతో, రోడ్ల వెంట, కాలవగట్ల మీద, ఖాళీ కనిపించిన చోటల్లా నాటుతూ పోయారు. ఆయన మొక్కను పీకినవారున్నారో లేదో గాని, ఆయనను కొట్టిన ఊరు లేదు. ఎవరి చేనూ తీసుకోలేదు, ఎవరి మీదా కేసు రాయలేదు, ఎండలో తన వీపే కాల్చుకున్నారు.

2023 జూన్ 30 నుంచి తెలంగాణలో పోడు పట్టాలు మళ్లీ పంచారు. మొత్తం నాలుగు లక్షల ఎకరాలకు పైన, లక్షన్నర మందికి పైగా. అన్ని జిల్లాల్లోకీ ఎక్కువ భూమి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకే వచ్చింది. ఇకమీదట అడవి నరకం అని ఊళ్లవారి చేత మాట తీసుకునే పట్టాలిస్తామని ప్రభుత్వం ముందే చెప్పింది. అక్కచెల్లెళ్లు గమనించవలసిన మాట ఒకటుంది. ఆ చట్టం ప్రకారం పెళ్లయినవారి పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. ఊరి హక్కుల కమిటీలో మూడోవంతు ఆడవాళ్లు కూర్చోవాలి. కట్టెమోపుతో గార్డుకు దొరికిపోయిన మనిషి కూతురో కోడలో ఇప్పుడు సంతకం పెట్టే మనిషి.

పక్క చేలో పోడు చేసుకున్న గిరిజనేతర ఇల్లాలికి మాత్రం దారి ఇంకా ఇరుకే. 2005కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడే ఉన్నట్టు ఆమె రుజువు చూపాలి. లెక్క వేస్తే అది 1930 దాకా పోతుంది. ఏటికి ఇటు ఊరైతే ఆ కాగితం నైజాం ఉర్దూ దస్త్రాల్లో వరంగల్లు వైపు వెతుక్కోవాలి. అటు ఊరైతే తూర్పు గోదావరి లెక్కల్లో కాకినాడలో వెతుక్కోవాలి.